పట్ ఎప్పుడూ పల్లం వైపే ఎందుకు తప్పుతుంది?

గోల్ఫ్‌లో కప్పు, అంటే బంతి పడాల్సిన గుంట, ఉండే పొట్టి గడ్డి నేలను గ్రీన్ అంటారు. దాని మీద బంతిని కప్పు వైపు దొర్లించే దెబ్బే పట్. వాలున్న గ్రీన్ మీద కొత్తగా ఆడుతున్నవాళ్ల పట్‌లను కాసేపు పక్కన నిలబడి చూడండి. తప్పిన బంతుల్లో చాలావాటిది ఒకే దారి. కప్పు చేరకముందే పల్లానికి తిరిగి, కింది అంచు పక్కనుంచి జారిపోతాయి. ఎత్తు వైపు తప్పేవి తక్కువ. గోల్ఫ్ ఆడేవాళ్లు పల్లం వైపును అమెచ్యూర్ సైడ్ అనీ, ఎత్తు వైపును ప్రో సైడ్ అనీ ఊరికే అనరు. చూపు అటూ ఇటూ సమానంగా పొరబడితే బంతులూ రెండు వైపులా సమానంగా తప్పాలి. పదేపదే ఒకవైపే తప్పుతున్నాయంటే ఆ లోపానికి ఒక కారణం ఉంది. కారణం ఉన్న లోపాన్ని సరిదిద్దుకోవచ్చు.

గ్రీన్ చదవడమంటే నేల వాలు, గడ్డి, వేగం చూసుకుని బంతిని ఎటు, ఎంత బలంగా పంపాలో కొట్టకముందే తేల్చుకోవడం. చాలామంది దీన్ని కంటికి సంబంధించిన విద్యగానే చూస్తారు. బంతి వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, గీత కనిపించేదాకా ఎదురుచూస్తారు. కానీ గీత నేల మీద ముందే గీసి ఉండదు. మీరు ఎంచుకున్న వేగాన్నిబట్టే అది పుడుతుంది. అందుకే ముందు బంతి కదలికను అర్థం చేసుకోవాలి.

ఒక పట్, రెండు గీతలు

గ్రీన్ మీద దొర్లే బంతి మీద ముఖ్యంగా రెండే పనిచేస్తాయి. గడ్డి దాన్ని ఆపాలని చూస్తుంది, వాలు దాన్ని కిందికి లాగుతుంది. గడ్డి ఎంత గట్టిగా ఆపుతుందో కొలిచే సాధనం స్టింప్‌మీటర్. 1935లో ఓక్‌మాంట్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో గ్రీన్‌ల వేగం చూశాక ఎడ్వర్డ్ స్టింప్సన్ దీన్ని రూపొందించాడు. ఇది గాడి ఉన్న 36 అంగుళాల బద్ద. ఒక చివర మెల్లగా ఎత్తితే ఒక కోణం దగ్గర బంతి దానంతటదే జారి, గ్రీన్ మీద దొర్లుతుంది. చదునైన చోట అది ఎన్ని అడుగులు పోయిందో అదే స్టింప్ అంకె. మామూలు క్లబ్బుల్లో ఇది 8 నుంచి 10 దాకా ఉంటుంది. పెద్ద పోటీల్లో 11, 12, ఇంకా పైన కూడా పెడతారు.

ఇప్పుడొక పట్ తీసుకుందాం. దూరం 10 అడుగులు, స్టింప్ 10, నేల ఎడమ నుంచి కుడికి ఒకే తీరుగా 2 శాతం వాలింది. 2 శాతమంటే పది అడుగుల వెడల్పుకు రెండున్నర అంగుళాలు కూడా దిగదు. దూరంనుంచి చూస్తే దాదాపు చదునే అనిపిస్తుంది.

బంతి సరిగ్గా కప్పు దగ్గర ఊపిరి వదిలేంత మెల్లగా కొడితే ఎక్కడ గురిపెట్టాలి? ఆపే బలం, లాగే బలం రెండూ పెట్టి లెక్క కడితే కప్పు మధ్యనుంచి ఎడమకు సుమారు 15 అంగుళాలని తేలుతుంది. అదే పట్‌ను, తప్పితే కప్పు దాటి ఒకటిన్నర అడుగు పోయేంత వేగంతో కొడితే గురి పదిన్నర అంగుళాలకు తగ్గుతుంది. నేల మారలేదు, గడ్డి మారలేదు, దూరమూ మారలేదు. వేగం ఒక్కటి మారింది, గురిలో దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. కాబట్టి వేగం చెప్పకుండా “ఇది ఎంత తిరుగుతుంది?” అని కేడీని, అంటే సంచి మోస్తూ సలహా ఇచ్చే సహాయకుణ్ని, అడిగితే దానికి జవాబు ఉండదు.

బంతి ఎక్కడ తిరుగుతుందన్నది ఇంకా ఆసక్తికరం. బయల్దేరినప్పుడు వేగం ఉంటుంది కాబట్టి వాలు దాన్ని పెద్దగా కదిలించలేదు. వేగం తగ్గేకొద్దీ అదే వాలు దాని దిశను ఎక్కువెక్కువగా మారుస్తుంది. కప్పు దగ్గర ఆగిపోయే పట్‌లో మొదటి 63 శాతం దూరంలో బంతి ఎంత కోణం తిరుగుతుందో, తర్వాతి 23 శాతం దూరంలోనే మళ్లీ అంత కోణం తిరుగుతుంది. మిగిలిన ఆ కొద్ది దూరంలో ఇంకా వేగంగా తిరుగుతుంది. పదడుగుల పట్‌లో కప్పు ముందరి మూడు నాలుగు అడుగుల నేలే మీ పట్ భవిష్యత్తు. అయినా ఎక్కువమంది తమ కాళ్ల ముందున్న నేలనే ఎక్కువసేపు చూస్తారు.

కంటికి కనిపించే వంపు, కావలసిన గురి

పల్లం వైపు తప్పడానికి అసలు కారణం ఇక్కడుంది. బంతి నుంచి కప్పుకి తిన్నగా ఒక గీత ఊహించుకోండి. బాగా కొట్టిన పట్ ఆ గీతకు ఎత్తు వైపున ఒక విల్లులా పోయి కప్పులో పడుతుంది. ఆ విల్లు గీతకు అత్యంత దూరంగా వెళ్లే చోటును అపెక్స్ అంటారు. మన ఉదాహరణలో, బంతి కప్పు దగ్గర ఆగిపోయే వేగంలో, అపెక్స్ గీతకు ఐదున్నర అంగుళాల దూరంలోనే ఉంటుంది. గురి మాత్రం 15 అంగుళాలు. వేగం పెంచితే అపెక్స్ మూడున్నర అంగుళాలు, గురి పదిన్నర. రెండు సందర్భాల్లోనూ కంటికి కనిపించే వంపు, గురిపెట్టవలసిన దూరంలో దాదాపు మూడో వంతే.

మనం ఆడిన పట్‌లలో, టీవీలో చూసిన పట్‌లలో గుర్తుండిపోయేది ఆ విల్లే. బంతి ఐదారు అంగుళాలు పక్కకు పోయి తిరిగి వచ్చిందని మనసు నమోదు చేసుకుంటుంది. మళ్లీ అలాంటి పట్ వచ్చినప్పుడు ఐదారు అంగుళాలే గురిపెడతాం. బంతి బయల్దేరిన దిశ ఆ విల్లుకన్నా చాలా పైకి ఉంది. కానీ బయల్దేరిన క్షణంనుంచే అది కిందికి తిరగడం మొదలుపెట్టింది కాబట్టి ఆ దిశను ఎవరూ చూడరు. “అపెక్స్ మీదుగా పంపు” అన్న సలహా కూడా ఇందుకే సగమే పనికొస్తుంది. అపెక్స్ మీదుగా పోవాలంటే అపెక్స్‌కి గురిపెట్టకూడదు. దానికి బాగా పైన గురిపెడితేనే బంతి వంగుతూ వచ్చి దాని మీదుగా వెళుతుంది.

ఈ తక్కువ అంచనా కొత్తవాళ్లకే పరిమితం కాదు. గోల్ఫ్‌లోని అతిపెద్ద పోటీల్లో ఒకటైన మాస్టర్స్‌లో, 2013లో, సమానంగా నిలిచినవాళ్ల మధ్య విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో, చీకటి పడుతున్న వేళ, పదో హోల్ గ్రీన్ మీద ఆడమ్ స్కాట్‌కు సుమారు 12 అడుగుల పట్ మిగిలింది. ఒక కప్పు వెడల్పుకన్నా కాస్త ఎక్కువ తిరుగుతుందని అతని అంచనా. కేడీ స్టీవ్ విలియమ్స్ ఒప్పుకోలేదు, కనీసం రెండు కప్పులని చెప్పాడు. స్కాట్ ఆ మాట నమ్మి కొట్టాడు. బంతి పడింది, మాస్టర్స్ గెలిచిన తొలి ఆస్ట్రేలియన్ అయ్యాడు. ప్రపంచంలోని అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడి కన్నే దాదాపు సగం తక్కువ చూసిందంటే, మన కన్ను చెప్పిన అంకెకు కొంత కలుపుకోవడంలో తప్పేమీ లేదు.

ఎక్కువ గురిపెట్టినా నష్టమే కదా అని అడగొచ్చు. సమాన నష్టం మాత్రం కాదు. ఎత్తు వైపునుంచి మెల్లగా వచ్చే బంతి ప్రతి అంగుళానికీ కప్పు వైపే తిరుగుతుంటుంది, కాస్త ఎక్కువైనా పై అంచునుంచి పడే అవకాశం మిగులుతుంది. ఒకసారి పల్లానికి దిగిన బంతి ప్రతి అంగుళానికీ కప్పుకు దూరమే అవుతుంది. బంతి కప్పులోకి ప్రవేశించే చోటు కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి. కప్పును గడియారం ముఖంలా ఊహించుకుని, మీరు ఆరు గంటల వైపు నిలబడి ఉంటే, కుడినుంచి ఎడమకు తిరిగే నెమ్మది పట్ ఐదు గంటల వైపునుంచి కప్పులోకి దిగుతుంది. అక్కడ వాకిలి ఉందనుకుని ఆ వాకిలికి పట్ చదవాలి.

ఏ వేగం?

కప్పు వ్యాసం 4.25 అంగుళాలు, బంతిది 1.68. మెల్లగా వచ్చే బంతికి కప్పు మొత్తం తెరిచి ఉంటుంది. బంతి మధ్యభాగం అంచు దాటితే చాలు, పడిపోతుంది. వేగం పెరిగేకొద్దీ అంచుల్లోంచి పడే అవకాశం పోతూ, మధ్యలోంచి వస్తేనే పడే స్థితి వస్తుంది. అంటే వేగం కప్పును చిన్నది చేస్తుంది. అలాగని మరీ మెల్లగా కొడితే చివరి అడుగులో చిన్న గుంట, చెప్పు ముద్ర కూడా బంతిని పక్కకు నెడతాయి. ఒకప్పుడు నాసాలో పనిచేసి తర్వాత పట్టింగ్ పరిశోధనకే అంకితమైన డేవ్ పెల్జ్, తప్పితే కప్పు దాటి 17 అంగుళాలు పోయే వేగం మేలని తేల్చాడు. అది మంచి మధ్యేమార్గమే. కానీ వేగంగా ఉన్న గ్రీన్ మీద దిగువకు కొట్టే పట్‌కు దాన్ని వర్తింపజేయమని నేను చెప్పను. అక్కడ అంచుదాకా వచ్చి పడే వేగమే క్షేమం.

ఎందుకో ఈ అంకెలు చెబుతాయి. స్టింప్ 10 గ్రీన్ మీద, చదునులో 10 అడుగులు పోయే దెబ్బే 2 శాతం ఎగువకు 8 అడుగులు పోతుంది, 2 శాతం దిగువకు పదమూడున్నర పోతుంది. స్టింప్ 12 అయితే చదునులో 12, ఎగువకు 9, దిగువకు 17. ఎగువకు పోగొట్టుకునేది తక్కువ, దిగువకు కలిసొచ్చేది ఎక్కువ. గ్రీన్ వేగం పెరిగితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఎగువకు కొట్టినప్పుడు బంతి త్వరగా ఆగుతుంది కాబట్టి పక్కకు తిరగడానికి సమయం చాలదు. దిగువకు కొట్టినది ఎక్కువసేపు దొర్లుతుంది కాబట్టి ఎక్కువ తిరుగుతుంది. బంతిని గ్రీన్ మీదికి చేర్చే అప్రోచ్ షాట్ కొట్టేటప్పుడే కప్పుకి దిగువన ఆగేలా చూసుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

వాలును ఎలా పట్టుకోవాలి?

నీరు పల్లమెరుగు అన్నారు. గ్రీన్‌ను రూపొందించేవాళ్లు మొదట ఆలోచించేది వాన నీరు ఎటు పోవాలన్నదే, ఎందుకంటే నీరు నిలిస్తే గడ్డి చస్తుంది. కాబట్టి గ్రీన్ చేరడానికి ముప్పై నలభై గజాల ముందే, దాని మీద నీళ్లు కుమ్మరిస్తే ఎటు పారతాయో ఊహించండి. పెద్ద వాలు దూరంనుంచే బాగా తెలుస్తుంది. గ్రీన్ మీద నిలబడ్డాక చుట్టూ ఉన్నదంతా కలిసి కన్నును మోసం చేస్తుంది. కొండ వాలున ఉన్న కోర్సులో గ్రీన్ కూడా కొండ దిగువకే వాలి ఉన్నా, చుట్టూ ఉన్న నేల ఇంకా ఎక్కువ వాలి ఉండటంతో అది చదునుగానో, ఎదురు వాలుగానో కనిపిస్తుంది. మాస్టర్స్ జరిగే ఆగస్టాలో పట్‌లన్నీ రేస్ క్రీక్ వైపు తిరుగుతాయనే మాట చాలా ప్రచారంలో ఉంది. ఆ వాగుకు బంతిని లాగే శక్తేమీ లేదు. అది ఆ నేలలో బాగా పల్లపు చోటు, నేల మొత్తం అటు వాలింది, అంతే. ఇలాంటి స్థానిక సూత్రాలు పెద్ద వాలును గుర్తు చేయడానికి పనికొస్తాయి. మీ కప్పు చుట్టూ ఉన్న ఆరడుగుల నేల వేరేలా ఉంటే మాత్రం నేల మాటే వినాలి.

దగ్గరకు వచ్చాక బంతి వెనకనుంచి ఒక చూపు, ఆపైన పల్లం వైపు పక్కనుంచి ఒక చూపు. తెరిచిన పుస్తకం పేజీ మన వైపు వంగి ఉంటే అక్షరాలు తేటగా కనిపిస్తాయి, అవతలికి వంగితే కనిపించవు. వాలూ అంతే, పల్లంలో నిలబడి ఎత్తు వైపు చూస్తేనే తెలుస్తుంది. పక్కనుంచి చూసినప్పుడే ఎగువా దిగువా కూడా బయటపడతాయి.

తర్వాత పాదాలు. నా దృష్టిలో గ్రీన్ చదవడంలో కన్నుకన్నా నమ్మదగినవి ఇవే. చుట్టుపక్కల చెట్లు, కొండలు కన్నును తికమక పెట్టగలవు గానీ పాదాల కింది బరువును మార్చలేవు. బంతికీ కప్పుకీ మధ్య గీతకు కొంచెం పక్కగా, కప్పు వైపు ముఖం పెట్టి, పాదాలు ఎడంగా ఉంచి నిలబడండి. ఏ పాదం మీద బరువు ఎక్కువ పడుతోందో గమనించండి, బంతి అటే తిరుగుతుంది. మార్క్ స్వీనీ రూపొందించిన ఎయిమ్‌పాయింట్ పద్ధతికి పునాది ఇదే. పాదాలతో వాలు శాతాన్ని అంచనా వేసి, చేయి చాచి ఆ అంకెకు తగినన్ని వేళ్లు కప్పు పక్కన పట్టుకుని, వాటి అంచున గురి తీసుకుంటారు. వేళ్ల సంగతి ఎలా ఉన్నా, పాదాలతో ఒక శాతానికీ రెండు శాతాలకూ తేడా పసిగట్టడం ఎవరైనా నేర్చుకోగలిగిందే. ప్రాక్టీసు గ్రీన్ మీద వాలును కొలిచే డిజిటల్ లెవెల్ నేలమీద పెట్టి, అంకె చూడకముందు పాదాలతో ఊహించి, తర్వాత అంకెతో పోల్చుకుంటూ పోవాలి. పోటీ రౌండులో ఆ లెవెల్ వాడటానికి నియమాలు ఒప్పుకోవు. మీ పాదాలను మాత్రం ఎవరూ ఆపలేరు.

కప్పు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకొకటి వెతకాలి, ఫాల్ లైన్. కప్పు మీదుగా నీరు సరిగ్గా ఏ దారిన కిందికి పోతుందో అది. ఆ గీత మీదనుంచి కొట్టే పట్ తిన్నగా పోతుంది. కప్పు చుట్టూ నడుస్తూ, కప్పు వైపు చూసినప్పుడు రెండు పాదాల మీదా బరువు సమానంగా పడే చోటు దొరికితే ఫాల్ లైన్ దొరికినట్టే. దిగువనుంచి ఎగువకు చూస్తే, ఆ గీతకు కుడివైపున్న బంతులన్నీ ఎడమకు తిరుగుతాయి, ఎడమవైపువి కుడికి. వాలు ఒకే తీరుగా ఉన్నప్పుడు, కప్పుకు ఒకే దూరంలో చుట్టూ ఎక్కడినుంచి కొట్టినా గురి గీతలన్నీ ఫాల్ లైన్ మీద కప్పుకి కొంచెం ఎగువన ఉన్న ఒక చిన్న చోటులోనే కలుస్తాయి. ఇది తెలిశాక ప్రతి పట్‌నూ కొత్త సమస్యగా చూడనక్కర్లేదు.

పట్ కొట్టే కర్రను, అంటే పటర్‌ను, వేలాడదీసి ఒక కన్నుతో చూసే ప్లంబ్ బాబింగ్ గురించి కూడా అడుగుతారు. మీరు నిటారుగా నిలబడ్డారా లేదా అన్నదానిమీదే దాని ఫలితమంతా ఆధారపడుతుంది. వాలు మీద నిలబడినవాడికి అదే కష్టం. నేను సిఫారసు చేయను.

రెండు వైపులకూ తిరిగే పట్ వస్తే కప్పునుంచి వెనక్కి చదవాలి. చివరి మూడో వంతులో వాలు ఎటుందో ముందు తేల్చుకుని, అక్కడికి బంతి ఎటునుంచి రావాలో నిర్ణయించుకుని, ఆ తర్వాతే మొదటి భాగాన్ని చూడాలి. బంతి వేగంగా ఉన్న మొదటి భాగపు వాలుకు తక్కువ విలువ, చివరిదానికి ఎక్కువ విలువ ఇవ్వాలి.

గడ్డి మాట

చల్లని ప్రాంతాల బెంట్ గడ్డి మీద దీని గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. వేడి ప్రాంతాల బెర్ముడా గడ్డి మాత్రం ఒకవైపుకు పడుకుని పెరుగుతుంది. దీన్ని గ్రెయిన్ అంటారు. మీరు చూస్తున్న వైపు గడ్డి మెరిస్తే అది మీకు అవతలికి వాలి ఉంది, బంతి వేగంగా పోతుంది. మసకగా, ముదురుగా ఉంటే మీ వైపుకు వాలి ఉంది, బంతి నెమ్మదిస్తుంది. అనుమానమొస్తే కప్పు అంచు చూడండి. ఒక అంచు కోసినట్టు శుభ్రంగా, దానికెదురు అంచు చెదిరి గోధుమరంగులో ఉంటే, గడ్డి ఆ చెదిరిన అంచు వైపుకే పెరుగుతోంది. గ్రెయిన్ పక్కవాటుగా ఉంటే వంపును కొంత పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. పెబుల్ బీచ్‌లో ఉన్నట్టి పోవా గడ్డికి మరో గుణం ఉంది. పొద్దెక్కేకొద్దీ గింజకంకులు లేచి నేల గరుకవుతుంది, సాయంత్రం మెల్లగా కొట్టిన పట్ తిన్నగా పోతుందని నమ్మలేం. ఉదయం మంచు తడి ఉంటే ఏ గడ్డయినా నెమ్మదే, నెమ్మది గ్రీన్ మీద వంపు తక్కువ.

నియమాల విషయం క్లుప్తంగా. 2019 నుంచి షూ మేకుల గీతల్ని కూడా బాగుచేసుకోవచ్చు. గ్రీన్‌ను పరీక్షించడానికి బంతిని దొర్లించి చూడటం, నేలను రుద్ది చూడటం కూడదు. ఇతరుల బంతి ఎలా తిరిగిందో చూడటానికి మాత్రం ఏ అడ్డూ లేదు, అంతకన్నా చౌకైన సమాచారం దొరకదు. వాలులన్నీ అచ్చువేసిన గ్రీన్ పుస్తకాలను వృత్తి ఆటగాళ్ల పోటీలు నడిపే పీజీఏ టూర్, డీపీ వరల్డ్ టూర్ 2022 జనవరి నుంచి స్థానిక నియమంతో కట్టడి చేశాయి. గ్రీన్ చదవడం ఆటగాడి నైపుణ్యంగానే ఉండాలన్నది అందులోని ఉద్దేశం, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా తెలియాలి. పీజీఏ టూర్ ఆటగాళ్లు 8 అడుగులనుంచి సుమారు సగం పట్‌లే వేస్తారు, 20 అడుగులనుంచి ఏడింట ఒకటి. అందుకే 20 అడుగులు దాటితే నేను గీతకన్నా వేగానికే ఎక్కువ సమయం ఇస్తాను. గురిలో అడుగు తేడా వచ్చినా ఒక అడుగు పట్ మిగులుతుంది, వేగంలో పొరబడితే ఆరడుగులు మిగలొచ్చు.

సాధనకు ఒక పద్ధతి చెబుతాను. ప్రాక్టీసు గ్రీన్ మీద 2 శాతం పక్కవాలున్న చోటు వెతికి, కప్పుకి పదడుగుల దూరంలో బంతి పెట్టండి. కప్పు పక్కన, ఎత్తు వైపు, పదిన్నర అంగుళాల దగ్గర ఒక టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) గుచ్చండి. కప్పు లేదనుకుని ఆ టీకే తిన్నగా కొట్టండి, తప్పితే కప్పు దాటి అడుగున్నర పోయే వేగంతో. మొదట్లో బంతి ఎక్కడికో పోతుందని చేయి దానంతటదే పల్లం వైపు తిప్పబోతుంది, తిప్పనివ్వకండి. గ్రీన్ వేగాన్నిబట్టి టీని అంగుళమో రెండో జరపాల్సి రావచ్చు. స్టింప్ 8 అయితే ఎనిమిదిన్నర, 12 అయితే పన్నెండున్నర దగ్గరకు. బంతులు వరసగా పడటం మొదలయ్యాక పక్కకు వచ్చి నిలబడి, వేరేవాళ్లతో అదే పట్ కొట్టించండి. బంతి చేసిన విల్లు ఎంత చిన్నగా ఉందో, టీ దానికి ఎంత పైన ఉందో కలిపి చూడండి.